సాక్ష్యానికి నీళ్లు

పారాయిబా రాష్ట్రం, పెద్రా మన్సా పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, దోనా లిండాల్వా, అనగా లిండాల్వా గారు, కూతురి మందు కోసం తన పెరట్లో ఏడు గంజాయి మొక్కలు పెంచుకోవచ్చునని గౌరవ న్యాయస్థానం అనుమతించింది. ఆరైతే పిల్లకు మందు చాలదు, ఎనిమిదైతే సమాజం చెడిపోతుంది. ఏడు దగ్గర మందూ సరిపోతుంది, సమాజమూ నిలుస్తుంది. ఈ సూక్ష్మం కనిపెట్టడానికి కోర్టుకు రెండేళ్ల రెండు నెలలు మాత్రమే పట్టింది. విత్తనాలు ఎక్కడివని న్యాయమూర్తి అడగలేదు. విత్తనం కొనడం నేరం, అమ్మడం నేరం, దగ్గర ఉంచుకోవడం నేరం. మొక్క పెంచడం మాత్రం హక్కు. ఎలా మొలిచాయని అడిగితే అనుమతితోపాటు అరెస్టు వారంటు కూడా ఇవ్వాల్సి వస్తుంది కనుక, అడక్కపోవడమే న్యాయమని ఆయన గ్రహించారు. ఇంత తెలివైన కోర్టు ఉన్న దేశంలో పుట్టడం అదృష్టమని న్యాయవాది లిండాల్వాకు చెప్పాడు. ఆమె కూడా అలాగే అనుకుంది.

లిండాల్వా మునిసిపాలిటీ బడిలో వంట చేస్తుంది. కూతురు తైనాకు తొమ్మిదేళ్లు, ఆటిజం. మాటలు లేవు. రాజధానిలోని నరాల వైద్యుడు గంజాయి నూనె చుక్కలు రాసేదాకా ఆ పిల్ల రోజుకు మూడు గంటలకు మించి నిద్రపోయేది కాదు. మణికట్టు కొరుక్కునేది, తల గోడకేసి కొట్టుకునేది. గోడకు పరుపు కట్టుకుని బతికారు తల్లీకూతుళ్లు. చుక్కలు మొదలైన నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం తైనా బల్ల దగ్గర కూచుని, తన చేత్తో తనే చిక్కుడు గింజలూ అన్నమూ తిని, ఖాళీ కంచం తల్లి వైపు తోసింది. ఇంకొంచెం పెట్టమని దాని అర్థం. పుట్టాక ఆ పిల్ల నోరు లేకుండానైనా ఒకటి అడగడం అదే మొదలు. లిండాల్వా పొయ్యి వైపు తిరిగి ఏడ్చి, కళ్లు తుడుచుకుని, రెండు గరిటెలు పెట్టింది.

మొక్కలు ఏడేనా కాదా అని చూడడానికి కోర్టు అమీనా ఎర్మీనియో నెలకోసారి వస్తాడు. బాధ్యత గల మనిషి. ఎడమ నుంచి కుడికి లెక్కపెడతాడు, కుడి నుంచి ఎడమకు లెక్కపెడతాడు, రెండు లెక్కలూ ఒకటే అయినందుకు సంతోషించి కర్రపెండలం కేకు తిని వెళతాడు. అలా పదకొండు నెలలు చట్టం చక్కగా నడిచింది.

పన్నెండో నెలలో పిల్లి దూకి ఒక కొమ్మ విరగ్గొట్టింది. పెద్రా మన్సాలో విరిగిన రెమ్మను పారేసే ఆడది ఇంకా పుట్టలేదు. మందారమైనా పుదీనా అయినా, చేయి దానంతట అదే వెళ్లి రెమ్మను గ్లాసులో నీళ్లలో పెడుతుంది. వేళ్లు వచ్చాక పాత డబ్బాలోకి, డబ్బాలోంచి పక్కింటికి పోతుంది. ఊళ్లో సగం పూలకుండీలు ఒకదానికొకటి చుట్టాలే. లిండాల్వా చేయి కూడా ఆమెను అడక్కుండానే ఆ గంజాయి రెమ్మను టమాటా గుజ్జు ఖాళీ గ్లాసులో వేసి వంటింటి కిటికీలో పెట్టింది.

"ఇదేంటమ్మా?" అన్నాడు ఎర్మీనియో, కాఫీ కప్పు కింద పెట్టి.

"రెమ్మ సారూ. పిల్లి విరగ్గొట్టింది."

"వేళ్లొచ్చాయే!"

"నీళ్లల్లో పెడితే రావా మరి? మీ ఆవిడ గుమ్మంలో పెట్టుకుని మురిసిపోయే జెరేనియాలు ఎక్కడివనుకున్నారు? మా అమ్మ ఇచ్చిన రెమ్మలే."

"జెరేనియాల సంగతి కోర్టు వారు నన్ను అడగలేదమ్మా. వేళ్లుంటే మొక్కే కదా? మొక్కయితే ఇది ఎనిమిదోది."

"సరే పోనీ, ఇప్పుడే పీకి పారేస్తాను."

"అయ్యయ్యో! సాక్ష్యం మాయం చేస్తారా? అదీ నా కళ్లెదురుగా, మీ కేకు తింటుండగా?"

ఆయన కేకు పూర్తిచేసి పోలీసు స్టేషనుకు కబురు పంపాడు. స్టేషను అధికారి పేరు డాక్టర్ ఒజేయాస్. పోలీసు అధికారిని, వకీలును, గుమాస్తా మీసం కాస్త పెద్దదైతే అతన్నీ డాక్టర్ అనడం అక్కడి మర్యాద. ఆ లెక్కన పట్టణంలో డాక్టర్లు ఐదుగురు. వారిలో మందు రాయగలవాడు ఒక్కడూ లేడు. డాక్టర్ ఒజేయాస్ ఎనిమిదో మొక్కను నేరంగా నిర్ధారించి, ఆ నేరాన్ని కన్నది మిగతా ఏడూ కనుక వాటిని కూడా స్వాధీనం చేసుకున్నాడు. జీపులో ముందు సీటు గ్లాసుకు ఇచ్చారు.

ఇక్కడ చట్టం గొప్పతనం చెప్పుకోవాలి. స్వాధీనమైన వస్తువును విచారణ ముగిసేదాకా ఉన్నదున్నట్టు కాపాడాలి. గంజాయి మొక్క ఉన్నదున్నట్టు ఉండాలంటే బతికి ఉండాలి. అందుచేత స్టేషనులో తూర్పు ఎండ పడే ఏకైక గదిలోంచి ఇద్దరు కోళ్ల దొంగలను చీకటి గదికి మార్చి, సాక్ష్యాన్ని కిటికీ దగ్గర పెట్టారు. రాలిన ప్రతి ఎండుటాకుకూ ఒక కవరు, కవరుకొక నంబరు, నంబరుకు ఇద్దరు సాక్షులు. రెమ్మ మొక్కా కాదా అని తేల్చడానికి నిపుణుల సంఘం వేశారు. వేరు రెండు సెంటీమీటర్లు దాటితేనే మొక్క అని సంఘం తీర్పు చెప్పింది. పట్టుకున్న రోజు ఒకటిన్నర ఉంది. ఫైలు రాజధానికి వెళ్లి వచ్చేలోగా వేరు మూడయింది. మళ్లీ కొలవాలని ఫైలు మళ్లీ వెళ్లింది.

మొక్కలు పెంచడం కానిస్టేబుళ్లకు రాదు కనుక, లిండాల్వానే జీతం లేని సంరక్షకురాలిగా కోర్టు నియమించింది. బడిలో వంట ముగించి ఆమె రోజూ స్టేషనుకు వెళ్లి తన మొక్కలకు తనే నీళ్లు పోసేది. వెళ్లేటప్పుడు జేబులూ జుట్టూ వెతికేవారు. మొక్కలు మాత్రం పెరట్లో కన్నా ఏపుగా ఎదిగాయి. ప్రభుత్వ రక్షణలో ఏదైనా అంత బాగా ఎదగడం ఆ పట్టణంలో ఎవరూ చూడలేదు. నూనె తీసేది పూతలోంచే. ఆ పూత వచ్చిన వారంలోనే ఇంట్లో నూనె సీసా అడుగంటింది. మందుల షాపులో విదేశీ నూనె ఉంది. సీసా ఆమె రెండు నెలల జీతం. సర్కారు ఉచితంగానే ఇస్తుంది, పదకొండు నెలలు ఆగితే. నూనె లేని ఐదో రోజుకు తైనా మళ్లీ మణికట్టు నోట్లో పెట్టుకుంది. కంచం నేలకు కొట్టింది.

లిండాల్వా నీళ్ల డబ్బా పట్టుకునే అధికారి గదిలోకి వెళ్లింది.

"డాక్టరు గారూ, ఒక్క గుత్తి ఇప్పించండి. ఒక్కటంటే ఒక్కటి. మిగతావన్నీ మీ దగ్గరే ఉంచుకోండి."

"దోనా లిండాల్వా, మీ బాధ నాకు తెలీదా? నేనూ పిల్లలు గలవాణ్ణే. కానీ సాక్ష్యాన్ని పిల్లకి తాగించేస్తే రేపు కోర్టులో ఏం చూపించను? పిల్లనా?"

"పిల్లనే చూపించండి సారూ. నిద్రలేక కళ్లెలా పీక్కుపోయాయో చూపించండి. చెయ్యి ఎలా కొరుక్కుందో చూపించండి."

"అది సాక్ష్యం కిందికి రాదమ్మా," అన్నాడాయన నిజంగా బాధపడుతూ. తర్వాత ఏదో తోచినట్టు ముఖం వెలిగింది. "వచ్చే వారం ఆటిజం అవగాహన దినం. మన స్టేషను ముందే సభ. పాపని వేదిక మీదికి తీసుకురండి. మేయరు గారు చూస్తారు, చూస్తే కరుగుతారు, కరిగితే జడ్జి గారి చెవిన ఒక మాట వేస్తారు."

ఆ మాట ఒక్కటీ పట్టుకుని లిండాల్వా వారం రోజులు గడిపింది. పిల్లకు నీలం గౌను ఇస్త్రీ చేసింది.

చిన్న చప్పుడుకే తల్లడిల్లే పిల్లల గురించి పట్టణానికి అవగాహన కలిగించే సభ కనుక, ఏర్పాట్లు ఘనంగా చేశారు. ఎనిమిది పెద్ద స్పీకర్లు, డోలు, అకార్డియన్, మేయరు వేదిక ఎక్కగానే పేల్చడానికి నాలుగు డజన్ల తారాజువ్వలు. వెయ్యి నీలం బుడగలు. స్టేషను గోడల నిండా మిణుకు మిణుకుమనే నీలం దీపాలు. మేయరు మైకు అందుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! ఈ పసిపాపల మౌనం వినగలిగే చెవులు మనకు కావాలి! ఏదీ, పెద్రా మన్సా ఎంత ప్రేమిస్తోందో ఈ పాపకు వినపడేలా చప్పట్లు కొట్టండి! ఇంకా గట్టిగా!"

కొట్టారు. తారాజువ్వలు కూడా అప్పుడే పేలాయి. తైనా చెవులు మూసుకుని, వేదిక మీద పడి, గొంతు చీలిపోయేలా అరిచింది. మణికట్టు కొరికి నెత్తురు తెచ్చుకుంది. పైకి లేపబోయిన మేయరు కడుపులో తన్నింది. లిండాల్వా పిల్ల మీద బోర్లా పడి తన ఒంటితో ఆ చప్పుడును ఆపబోయింది. వాళ్ల వెనక పది అడుగుల దూరంలో, కిటికీలో, మొక్కలన్నీ నిండుగా పూసి ఉన్నాయి.

"చూశావా తల్లి పెంపకం?" అంది పక్కింటి జులేకా, పక్కనున్నామెతో. "ఆ పిల్లకి మందూ మాకూ ఏమన్నా ఇస్తోందా అసలు?"

"ఇస్తే ఇలా ఉంటుందా? పాపం, బిడ్డ! ఎవరో ఒకరు పట్టించుకోవాలి."

పట్టించుకున్నారు. పెద్రా మన్సా చెడ్డ ఊరు కాదు. నాలుగో రోజున ఎర్మీనియో కాగితాలు పట్టుకుని వచ్చి, ఈసారి కాఫీ వద్దని, నిలబడే చదివాడు. పిల్లల రక్షణ మండలి వారి నోటీసు అది. వైద్యుడు రాసిన గంజాయి నూనెను మైనరు బాలిక తైనాకు తల్లి పదహారు రోజులుగా ఇవ్వడం లేదని రుజువైంది. ఇది ఘోర నిర్లక్ష్యం. నలభై ఎనిమిది గంటల్లో సంజాయిషీ ఇచ్చి మందు మొదలుపెట్టని పక్షంలో బాలికను ప్రభుత్వ వసతి గృహానికి తరలిస్తారు. నోటీసు వెనక సాక్షుల సంతకాలు మూడు పేజీలు. మొదటి సంతకం డాక్టర్ ఒజేయాస్‌ది, రెండోది మేయరుది, ఐదోది జులేకాది. 'బాలికతో సంబంధం' అన్న గడిలో అందరూ ఒకే మాట రాశారు: శ్రేయోభిలాషి.

లిండాల్వా మూడు పేజీలూ ఓపిగ్గా చూసింది.

"మందు ఇవ్వలేదన్నది నిజమే. ఇవ్వకుండా చేసిందెవరో రాయడానికి చోటేదీ, సారూ?"

ఎర్మీనియో కాగితం తిరగేసి చూశాడు, మళ్లీ తిరగేసి చూశాడు. బాధ్యత గల మనిషి.

"ఆ గడి లేదమ్మా ఇందులో."

నిజంగానే లేదు. సాక్షుల పేజీ అడుగున మాత్రం ఇంకా నాలుగు గీతలు ఖాళీగా ఉన్నాయి, కలం అమీనా దగ్గర ఉంది. ఇంతదాకా చదివి ఆ పిల్ల కోసం అయ్యో అనుకున్నవారెవరైనా ఉంటే వచ్చి సంతకం చేయవచ్చును.