జడ్జిగారి పడవ

ఆ ఆదివారం డెంటిస్టు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, పడవని చక్రాల బండి మీద ఎక్కించి కారు వెనక కట్టుకుని సరస్సు రేవుకి తీసుకెళ్ళడం, నీళ్ళలోకి దింపడం, తెరచాప ఎత్తి ఒక చుట్టు తిరగడం, భోజనాల వేళకి ఇంటికి వచ్చేయడం.

"అంతేనా?" అంది భార్య.

"అంతే."

"మరి నిద్రలో 'నాది, నాది' అని ఎందుకు కలవరించారు?"

డెంటిస్టు కాఫీ ఇంకో గుక్క తాగాడు. సంగతి ఆమెకి తెలియనిది కాదు. ఆ చెక్క పడవ కొని ఏడాది దాటింది. అప్పటినుంచీ షెడ్డు నీడలో పడవ ఉంటే, వీధిలో ఎండకి కారు ఎండుతోంది. ఇంత చేసినా ఊళ్ళో ఒక్కరు కూడా దాన్ని డెంటిస్టు పడవ అనరు. జడ్జిగారి పడవ అంటారు. జడ్జిగారు దాన్ని ముచ్చటపడి చేయించి, ఎప్పుడో సంగీతం టీచరుకి అమ్మేశారు. టీచరు ఇన్సూరెన్స్ బాబాయికి అమ్మింది. బాబాయి, అంటే డెంటిస్టు భార్యకి సొంత బాబాయి, దాన్ని ఇంటి అల్లుడికే అంటగట్టాడు. అది చేతికొచ్చిన ప్రతివారూ తమ రంగు వేసుకున్నారు. జడ్జిగారు తన కోటులాగా నలుపు వేయించారు. దాని మీద టీచరు పసుపు, దాని మీద బాబాయి ఆకుపచ్చ. అన్నిటి మీదా డెంటిస్టు తెలుపు వేశాడు. మామూలు తెలుపు కాదు. కట్టుడు పళ్ళకి రంగు చూసే అట్టముక్క పట్టుకుని, పైవరస ముందు పళ్ళకి సరిపోయే తెలుపు ఎంచి మరీ వేశాడు.

ఒక వస్తువు మనదని మనకి తెలిస్తే సరిపోదు. అంతకుముందు దాన్ని ఏలుకున్నవాళ్ళు అది తమదని మరిచిపోవాలి. మరిచిపోయారో లేదో చూడాలంటే వాళ్ళని పిలవాలి. పిలిస్తే గుర్తొస్తుంది. ఈ చిక్కు డెంటిస్టుకి తట్టలేదు. ముగ్గురినీ రేవుకి రమ్మని స్వయంగా వెళ్ళి చెప్పి వచ్చాడు.

"ఇవాళ కూడా అది నీళ్ళలోకి దిగకపోతే రేపు వడ్రంగిని పిలిపిస్తాను," అంది భార్య. "వంటింట్లో అరలకి చెక్క సరిపోతుంది."

"దిగుతుంది. సందులన్నీ నా చేత్తో పూడ్చాను."

"దేంతో?"

"మంచి సరుకుతోనే," అన్నాడు డెంటిస్టు, కాస్త అటు తిరిగి.

ఏడాదిపాటు నీళ్ళు ముట్టని చెక్క ఎండిపోయి ముడుచుకుంది. పలకల మధ్య సందుల్లోంచి అవతలి వెలుతురు కనిపించేది. మామూలుగా అయితే ఆ సందుల్లో దూది కూరి, పైన మెత్తటి లప్పం పూసి, నీళ్ళలో వదిలేస్తారు. చెక్క నీళ్ళు తాగి, ఉబ్బి, తనంతట తానే మూసుకుంటుంది. కానీ జీవితమంతా పిప్పిపళ్ళతో గడిపినవాడికి ఒక సందు కనిపిస్తే మనసు నిలవదు. డెంటిస్టు ప్రతి సందునీ శుభ్రంగా తొలిచి, గాలి ఊది, పళ్ళలో పెట్టే సిమెంటు పెట్టి, నున్నగా అరగదీశాడు. పని అయ్యాక అలవాటుకొద్దీ, "ఓ గంటసేపు ఏమీ తినకండి," అని పడవతో అన్నాడు కూడా.

రేవుకి కారు భార్యే నడిపింది. డెంటిస్టు వెనక్కి తిరిగి పడవనే చూస్తూ కూర్చున్నాడు. అక్కడ ముగ్గురూ ముందే వచ్చి ఉన్నారు. జడ్జిగారు మడత కుర్చీ వెంట తెచ్చుకుని, చేతికర్ర రెండు కాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చున్నారు.

"వచ్చిందండీ మన పడవ," అన్నారు, కారు గేటులోకి తిరుగుతుండగానే.

ఆ 'మన' విని డెంటిస్టు భార్య వైపు చూశాడు. ఆమె అతని వైపు చూసింది. దారి వైపు ఎవరూ చూడలేదు. పడవ పక్కభాగం రేవు గేటు ఇనపస్తంభాన్ని గీరుకుంటూ వచ్చి ఆగింది. తెలుపు మీద పొడుగాటి ఆకుపచ్చ చార తేలింది.

"అదుగో నా ఆకుపచ్చ!" అని బాబాయి పరుగెత్తుకొచ్చాడు. "చూశావా అమ్మాయ్, ఎలా నిగనిగలాడుతోందో!"

"నువ్వు అమ్మేశావు బాబాయ్."

"పడవని అమ్మానమ్మా. రంగుని కాదు."

ఆ చారని ముందు గోరుతో, తర్వాత స్కూటరు తాళంచెవితో కొంచెం పెద్దది చేశాడు. తాళంచెవి ఒకచోట లోతుగా దిగి పసుపు బయటపడింది.

"అయ్యో నా తల్లీ, ఇన్నాళ్ళూ దీని కింద ఊపిరాడక ఎంత అవస్థపడ్డావో!" అని సంగీతం టీచరు జడలోంచి పిన్ను తీసింది. ఆమెది సంగీతం నేర్పే చెయ్యి కదా, ఒక లయలో గోకింది. పసుపు పోయి నలుపు కనిపించగానే జడ్జిగారు కుర్చీలోంచి లేచారు.

"చూడండి డాక్టర్, నా నలుపు మీద మీరంతా ఆక్రమణకి పాల్పడ్డారు."

"ఆక్రమణ ఏమిటండీ, కొనుక్కున్నాను కదా!"

"అది మీ వాదన. విన్నాను," అని జడ్జిగారు చేతికర్ర చివర ఉన్న ఇనపపొన్నుతో పని మొదలుపెట్టారు.

నలుపు కూడా పోయింది. కింద వట్టి చెక్క కనిపించింది. ఏ రంగూ లేదు. అందరూ ఒక్క క్షణం చేతులు ఆపారు.

"ఇది ఎవరిదండీ?" అంది డెంటిస్టు భార్య.

ఆ చెక్క చూడడానికి ఎవరికీ బాగాలేదు. ముగ్గురూ తలో పక్కకీ జరిగి, వేరే చోట పైనుంచి మళ్ళీ మొదలుపెట్టారు.

"దింపేద్దాం! ముందు నీళ్ళలోకి దింపేద్దాం!" అని అరిచాడు డెంటిస్టు.

దింపడమంటే తాము లేకుండా ఎలా అని ముగ్గురూ పడవెక్కారు. చుక్కాని తనకి అలవాటేనని జడ్జిగారు దాని దగ్గర కూర్చున్నారు. టీచరు ముందు చివరకి వెళ్ళింది. బాబాయి నడుమ బల్ల మీద బాసింపట్టు వేసుకున్నాడు. చివరికి ఎక్కిన డెంటిస్టుకి తాడు చుట్ట మీద చోటు దొరికింది. భార్య కారుని నెమ్మదిగా వెనక్కి పోనిచ్చింది. పడవ బండి మీంచి జారి, ఒకసారి ఊగి, నిలబడి తేలింది.

చాలా అందంగా తేలింది. గట్టు మీద లాంచీ కోసం నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారు. టిక్కెట్ల గుమాస్తా కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"జడ్జిగారూ, పడవ బ్రహ్మాండంగా ఉందండీ!"

"ఏదోనయ్యా, నీ అభిమానం," అన్నారు జడ్జిగారు.

డెంటిస్టు సరిచేద్దామని నోరు తెరిచాడు. అదే క్షణంలో టప్‌మని చప్పుడైంది.

తెల్లటి ముక్క ఒకటి ఎగిరి టీచరు ఒళ్ళో పడింది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత, బిగుతు చొక్కాకి బొత్తాలు తెగినట్టు, వరసగా. నీళ్ళు తగిలిన చెక్క హాయిగా ఉబ్బడం మొదలుపెట్టింది. పన్ను ఉబ్బదు కాబట్టి పంటి సిమెంటుకి సర్దుకోవడం ఎవరూ నేర్పలేదు. అది పలకలని ఎడంగా నెట్టి, తాను ఊడి బయటికొచ్చింది. ఆ దారినే నీళ్ళు లోపలికొచ్చాయి.

బాబాయి ఒక ముక్క ఏరి, వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. అతని నాలుక మెల్లగా నోట్లో ఎడమవైపు వెనక్కి వెళ్ళింది.

"అల్లుడూ, ఇది నా పంట్లో పెట్టిందేనా?"

"అదే మామయ్యగారూ. చాలా మంచి..."

"మంచిదా! నేను రోజూ నీళ్ళు తాగుతానయ్యా!"

నీళ్ళ మీద మాట దూరం పోతుంది. గట్టు మీద ఉన్నవాళ్ళలో సగంమంది డెంటిస్టు దగ్గర పళ్ళు పూడ్పించుకున్నవాళ్ళే. చేతులన్నీ ఒకేసారి దవడల మీదకి వెళ్ళాయి. సోడా తాగుతున్న ఒకాయన నోట్లో ఉన్నది మింగాలో ఉమ్మాలో తేల్చుకోలేక బుగ్గలు పూరించుకుని నిలబడిపోయాడు.

పడవలో నీళ్ళు మోకాళ్ళకి వచ్చాయి. ఎవరూ లేవలేదు. లేస్తే హక్కు వదులుకున్నట్టవుతుందని ఎవరికి వారికి లోపల ఉంది. నీళ్ళు నడుము దాకా వచ్చాయి.

"చుక్కాని పట్టుకోవడం రాకపోతే ఇలాగే ఉంటుంది," అంది టీచరు, ముందుకే చూస్తూ.

"నా హయాంలో ఇలా జరగలేదు," అన్నారు జడ్జిగారు.

"నేను ఇన్సూరెన్స్ చేయించమని చెప్పాను," అన్నాడు బాబాయి, నాలుకతో పన్నుని కాపలా కాస్తూ.

పడవ తొందరేమీ లేకుండా దిగి, అడుగు బురదలో మెత్తగా ఆనింది. నీళ్ళ పైన తెరచాప కొయ్య, దాని చుట్టూ కూర్చున్న నలుగురు మనుషుల ఛాతీ పైభాగాలు మిగిలాయి. గుమాస్తా కిటికీ మూసి పరుగెత్తుకొచ్చాడు.

"లాంచీ వచ్చే వేళయింది. దారికి అడ్డంగా ఉంది. అసలు ఎవరిదండీ ఈ పడవ?"

నీళ్ళలోంచి చేతికర్ర, జడపిన్ను, తాళంచెవి ఒకేసారి పైకి లేచి ఒకే వైపు తిరిగాయి.

"డెంటిస్టుగారిది," అన్నారు ముగ్గురూ.

"నేను కేవలం సాక్షిని," అని జడ్జిగారు చేర్చారు.

డెంటిస్టుకి ఆ చల్లటి నీళ్ళలో లోపలెక్కడో వెచ్చగా అనిపించింది. సిగ్గుపడాల్సిన చోట సంతోషం రావడం అతనికి కొత్త. "ఇంకొక్కసారి అనండి," అన్నాడు.

గట్టు మీంచి భార్య చేతులు నోటికి అడ్డం పెట్టుకుని కేకేసింది. "ఏమండీ! మాటంటే మాటే. నీళ్ళలోకి దిగింది. వడ్రంగిని పిలవనులెండి!"

అందరూ కలిసి పడవని తాడుతో ఓ పక్కకి లాగి, లోతు తక్కువ చోట అలాగే మునిగి ఉండనిచ్చారు. కొన్నాళ్ళు పోయాక డెంటిస్టు, భార్య వెళ్ళి నీళ్ళు తోడిపోశారు. తోడిన కొద్దీ పడవ లేచింది. మళ్ళీ ఒక్క చుక్క లోపలికి రాలేదు. ఎండిన చెక్క కడుపునిండా తాగి, ఎవరి సాయమూ లేకుండా సందులన్నీ మూసుకుంది. నాలుగు రంగుల గీతలతో మచ్చలుమచ్చలుగా తేలుతూ నిలబడ్డ దాన్ని చూడడానికి ముగ్గురూ వచ్చారు.

"దానికి కాస్త దాహం ఎక్కువ. నాకు తెలుసుగా," అంది టీచరు.

"ఎంతైనా నా పడవ," అన్నారు జడ్జిగారు.

క్లినిక్ ముందు మాత్రం అంతకుముందెన్నడూ లేనంత వరస కట్టింది. తమ పళ్ళలో ఉన్నది పడవలో పెట్టిందేనా కాదా అని ఒక్కొక్కరూ నోరు తెరిచి చూపించి, అది గట్టిగానే ఉందని అనిపించుకుని వెళ్ళారు. వరస చివర బాబాయి రోజూ కనిపించేవాడు.

ఓ సాయంత్రం ఊరికి కొత్తగా వచ్చిన ఒకాయన దవడ పట్టుకుని లాంచీ దిగాడు. ఇక్కడ డెంటిస్టు ఎవరైనా ఉన్నారా అని గుమాస్తాని అడిగాడు.

"ఉన్నారు, ఆ వీధి చివర," అన్నాడు గుమాస్తా టిక్కెట్టు చింపుతూ. "డెంటిస్టంటే ఎవరికీ తెలీదు, జడ్జిగారి పడవ డాక్టరని అడగండి."