పట్టికలో లేని సంగటి

ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమేమంటే, పెనుకొండలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో హెడ్ గుమాస్తా అయిన పోతులయ్యగారు 1980 జూన్ రెండో తేదీ ఉదయం నుంచి, అనగా ఉగ్గాని, బజ్జీల టిఫిను వేళ నుంచి, సన్నబడటం ప్రారంభించారు.

సరదాకు కాదు. గజ్జల్లో హెర్నియా దిగి, కూర్చుంటే లేవలేక, లేస్తే కూర్చోలేక, పాపం, ఆయన పడే యాతన పగవాడికి కూడా వద్దు. హిందూపురం డాక్టరు తూకం చూసి తొంభై ఆరు కిలోలన్నాడు. ఎనభై ఆరుకు దిగితే తప్ప ఆపరేషన్ చేయనన్నాడు. వారానికి అరకిలో తగ్గాలంటే రోజుకు పదిహేను వందల క్యాలరీలని చెప్పి, ఏ తిండిలో ఎన్ని ఉంటాయో చూపే అచ్చు పట్టిక ఒకటి చేతిలో పెట్టాడు.

పోతులయ్యగారు ఆ పట్టికను మామూలు మనుషుల్లా చదవలేదు, జీవో చదివినట్టు చదివారు. బ్రెడ్డు ముక్క డెబ్బై. ఉడికించిన గుడ్డు ఎనభై. వెన్న చెంచా వంద. ఓట్స్ కూడా ఉన్నాయి. రాగిసంగటి లేదు. అందులో నంజుకునే చెనిక్కాయల ఊరిబిండి లేదు. ఉగ్గాని, బజ్జీ, ఓళిగ ఏవీ లేవు. చక్కెర లేని కాఫీకి ఐదు అని ఉంది గానీ చక్కెర వేసిన కాఫీ ఊసే లేదు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయన నేర్చుకున్నది ఒక్కటే: పట్టికలో లేనిది లోకంలో లేదు. ఆ రోజు నుంచి ఆయన చక్కెర లేని కాఫీ ముట్టలేదు. ఓట్స్ పూర్తిగా మానేశారు. వాటిని పుట్టి బుద్ధెరిగి చూడలేదన్నది వేరే సంగతి.

వారం తిరిగేసరికి చూసుకుంటే మొత్తం తిన్న క్యాలరీలు సున్న. ఆయన గుండె గుభేలుమంది. రోజుకు పదిహేను వందలు మంజూరైతే ఒక్కటీ వాడుకోకపోవడమా? మార్చిలోగా వాడని నిధులు మురిగిపోవడం ఎన్నిసార్లు చూడలేదు! వెంటనే అటెండరు పీరాను బస్సెక్కించి హిందూపురం బేకరీ నుంచి బ్రెడ్డు తెప్పించారు. అప్పటినుంచి రెండు ముద్దల సంగటి తిని చేయి కడుక్కున్నాక, బ్రెడ్డూ వెన్నా గుడ్లూ ముందు పెట్టుకుని సరిగ్గా పదిహేను వందలు పూర్తి చేసేవారు. కడుపు బిగిసి కళ్లనీళ్లు తిరుగుతున్నా ఆఖరి ముక్క వదిలేవారు కాదు. ఏమి నిష్ఠ!

"సన్నబడేకి ఇంత తినాల్నా?" అని భార్య సరస్వతమ్మ ఉండబట్టలేక అడిగింది. ఆమెకు రూల్సు తెలియవు గనుక ఆయన క్షమించారు.

కార్యాలయంలో సభ జరిగింది. "సోదరులారా, శరీరమనేది కూడా ఒక కార్యాలయమే. దానికి ముందుగా కావలసింది క్రమశిక్షణ. ఆకలి సంగతి తర్వాత చూసుకోవచ్చు" అని పోతులయ్యగారు ఉపన్యసించారు. పట్టికకు ఏడు కార్బన్ కాపీలు తీశారు. ధర్మవరం నుంచి కూడా ఒక కాపీ కోరుతూ ఉత్తరం వచ్చింది. మూడు నెలల్లో ఆ కార్యాలయంలో నాలుగు కుర్చీలు విరిగాయి. ఇకమీదట ఇనుప కుర్చీలు సరఫరా చేయాలని పైకి రాశారు.

ఐదు నెలల తర్వాత తూకం నూట నాలుగు కిలోలు చూపించింది. పోతులయ్యగారు రోజువారీ వివరాల ఫైలు ముందు పెట్టారు. సంగటి ఎన్ని ముద్దలు తింటున్నారని డాక్టరు అడిగితే, అది తమరి పట్టికలో లేదు సార్ అని వినయంగా మనవి చేశారు. డాక్టరు తల పట్టుకుని, ఆపరేషన్ కుదరదని పంపేశాడు.

మరునాడు గజ్జ పట్టుకుని మూలుగుతూ కూర్చున్న ఆయన ముందుకు, చిలమత్తూరు దిక్కు పల్లె నుంచి గఫార్ అనే రైతు అర్జీ పట్టుకుని వచ్చాడు. చొక్కా మీది నుంచే పక్కటెముకలు ఎంచవచ్చు. పోతులయ్యగారికి పట్టరాని అసూయ కలిగింది.

"ఏమప్పా, ఇంత సన్నంగా ఉండావు. ఏం చేస్తాండావు?"

"చేసేదేముండాది సార్. మూడేండ్లాయె వాన లేక. దొరికిన పూట తింటాం, లేని పూట నీళ్లు తాగి పండుకుంటాం. మా ఊరిని కరువు పట్టికలో ఎక్కించమని ఐదుసార్లు అర్జీ ఇచ్చినా. పట్టికలో లేని ఊర్లో కరువుండదని మీరే చెప్పి పంపిస్తిరి."

పోతులయ్యగారు సగమే విన్నారు. ఆ సగానికే ముఖం విప్పారింది. కొత్త ఫైలు తీసి, పైన 'సన్నబడు విధానములు' అని గుండ్రంగా రాశారు. ఊరి పేరు కోసం గఫార్ అర్జీని మొట్టమొదటిసారి విప్పి చదివారు. పేరు ఫైల్లోకి ఎక్కించుకుని, అర్జీ మాత్రం ఎప్పటిలాగే తిప్పి ఇచ్చేశారు.