కాలవగట్టు మీద పోషక విలువలు

శనివారం పొద్దున్నే సంజీవరావుగారు కాన్వాసు బూట్లు తొడుక్కుని, అద్దం ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు. గుణదల కాలవగట్టు నడక సంఘానికి ఆ రోజు అధ్యక్షుడి ఎన్నిక. రిటైరయిన దగ్గర్నుంచి ఆయన మాట వినేవాళ్ళు లేరు. ఆఫీసులో ఆయన దగ్గితే ఫైళ్ళు కదిలేవి. ఇంట్లో దగ్గితే మిరియాల కషాయం వస్తోంది. అధ్యక్షుడైతే చేతికి మైకు వస్తుంది. మైకుంటే జనం వినక చస్తారా?

ఇన్నాళ్ళూ ఆ మైకు శౌరయ్యగారిది. ఆయన రోజూ గ్లాసుడు టమాటా ప్యూరీ, అదే టమాటా గుజ్జు, తాగుతారు. తాగడమే కాదు, మైకు పట్టుకుని దాని గురించి అరగంట చెబుతారు. కాబట్టి శౌరయ్యగారిని ఓడించాలంటే ముందు ప్యూరీని ఓడించాలి.

దానికి వాట్సాప్‌లో ఆయుధం దొరికింది. బొమ్మ లేదు, హైదరాబాదు డాక్టరెవరిదో గొంతు మాత్రం ఉంది. "టమాటా ప్యూరీల ఏమున్నది? ఎక్కువ నీళ్ళే. కందగడ్డ తినుండ్రి. పీచున్నది, విటమిన్-ఏ ఉన్నది, కడుపు నిండుతది." సంజీవరావుగారు వెంటనే రెండింటి పోషక విలువలూ పక్కపక్కన పట్టిక వేయించి, మనిషికొక కాపీ తీయించారు.

ముందురోజు రాత్రే భార్య సువార్తమ్మకి పని చెప్పారు. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది.

"సువార్తా, రేపు మీటింగుకి కందగడ్డ ఉడకబెట్టు. పక్కన పెట్టి పోల్చడానికి టమాటా ప్యూరీ కూడా చెయ్యి."

"కందా? చింతపండేసి ఉడికిస్తా. లేకపోతే దురదండీ."

"చింతపండేస్తే విటమిన్లు చస్తాయి. ఉత్తినే ఉడికించు. అదీ సగమే."

"గొంతు పట్టుకుంటుంది, మీ ఇష్టం."

"దురదంటే ఒంట్లో విషం బయటికి పోవడం. డాక్టరు చెప్పాడు."

డాక్టరు ఆ మాట చెప్పలేదు. పైవాళ్ళు చెప్పని మాటలు చెప్పినట్టు చెప్పడం సంజీవరావుగారికి ఉద్యోగంలో వచ్చిన అలవాటు.

"టమాటా పూరీయా? ఇదేం పూరీ అండీ?" అని సువార్తమ్మ అడిగేసరికి ఆయన గది తలుపు వేసుకుని ప్రసంగం బట్టీ పడుతున్నారు.

మర్నాడు ఆమె రెండు క్యారేజీలతో ఆటో దిగింది. సంజీవరావుగారు మొదటిది లాక్కుని అందరికీ ముక్కలు పంచారు. ఆదర్శంగా ఉంటుందని తాను నాలుగు తిన్నారు. భయపడ్డాడనుకుంటారేమోనని శౌరయ్యగారు అయిదు తిన్నారు.

సంజీవరావుగారు మైకు అందుకున్నారు. "మిత్రులారా! పీచు..."

ముందు బెంచీలో అలీగారు మెడ గోక్కున్నారు. "ఏంటండీ ఇది? నాలిక మీద గొంగళిపురుగు పాకినట్టుంది!"

"కంగారొద్దు. ఒంట్లో ఉన్న..." అనబోతే సంజీవరావుగారి గొంతు మూసుకుపోయింది. మైకులో ఒక్క మాటే గట్టిగా వినపడింది. "విషం!"

"విషమా!" అని బసవపున్నయ్యగారు కుర్చీతో సహా వెనక్కి పడ్డారు. ఎవరో నూటెనిమిదికి ఫోన్ చేశారు. శౌరయ్యగారు గట్టు మీదే మోకాళ్ళూని, గొంతు పట్టుకుని, "మరియమాతా, ఈ పదవి నాకొద్దు" అని మొక్కుకున్నారు.

సంజీవరావుగారు తన తప్పేమీ లేదన్నట్టు ఫోను తీసి ఆడియో పెట్టారు. విని అలీగారు నెత్తి కొట్టుకున్నారు.

"కాజీపేట రైల్వేలో చేశాను కాబట్టి చెబుతున్నా. అక్కడ కందగడ్డంటే మన చిలగడదుంపండీ బాబూ! మీరు కంద పెట్టారు మాకు!"

అప్పుడు సువార్తమ్మ రెండో క్యారేజీ విప్పింది. ఎర్రగా పొంగిన టమాటా పూరీలు. పక్కన డబ్బాలో నిమ్మకాయ పిండిన మజ్జిగ.

సంజీవరావుగారు పూరీల వంక వేలు చూపించి కళ్ళెర్ర చేశారు.

"మీరేగా పూరీ అన్నారు? మజ్జిగ నా అంతట నేనే తెచ్చా. నా మాట ఎటూ వినరని తెలుసుగా."

మజ్జిగతో దురద తగ్గింది, కానీ గొంతులు మాత్రం రాలేదు. పూరీలు ఒక్కటీ మిగల్లేదు. పరుగున వచ్చిన అంబులెన్సువాళ్ళు కూడా చెరి రెండు తిని, కూర లేదా అని అడిగి వెళ్ళారు.

"ఇక ఎన్నిక," అన్నారు అలీగారు గుసగుసగా. "పోటీదార్లకి మాట పడిపోయింది. మాట్లాడగలిగేది సువార్తమ్మగారొక్కరే. ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తండి."

అందరూ ఎత్తారు. అభ్యంతరం చెప్పడానికి సంజీవరావుగారు కూడా ఎత్తారు. దాన్నీ కలుపుకుని ఏకగ్రీవం అని చప్పట్లు కొట్టారు.

సువార్తమ్మ మైకు పట్టుకుని, "ఏమండీ, కూర్చుని వినండి," అంది. ఆయన కూర్చున్నారు.

పళ్ళేలు తేవడం ఎవరికీ గుర్తులేదు గనక, పోషక విలువల పట్టికలు పూరీల నూనెని బాగానే పీల్చాయి.