అంగడి తెరవని పొద్దు

రండమ్మా, దుప్పటి కప్పుకుని దగ్గరగా కూర్చోండి. హోసూరు బజారులో డెబ్బై ఎనిమిదో సంవత్సరం ధనుర్మాసంలో జరిగిన సంగతి ఇది. తేదీ అడగకండి, చలి మాత్రం నాకు బాగా గుర్తు.

కిరాణా అంగడి శ్రీరంగయ్యకు అప్పటికి డెబ్బై ఏళ్ళు. భార్య జ్ఞానాంబకు చలి తగిలితే ఆయాసం. అందుకని ఆయన దీపావళి నాటికే కంబళ్ళు, మంకీ టోపీలు, కుంపటి, రెండు బస్తాల బొగ్గులు, శొంఠి అన్నీ సిద్ధం చేశాడు. ఆయాసం మాత్రలు మాత్రం కొనలేదు. నాగేశ్వరయ్య మందులంగడి నాలుగిళ్ళ అవతలే కదా, ముందే కొనడమెందుకన్నాడు.

ఒకనాటి పొద్దున మంచు దట్టంగా పట్టింది. "ఈ పొద్దు ఎండొచ్చినాక తెరుద్దురు లెండి," అంది జ్ఞానాంబ. ముప్పై ఏళ్ళుగా తెల్లవారకముందే అంగడి పలకలు తీసే మనిషి, ఆనాడు పెళ్ళాం మాట విని మళ్ళీ పడుకున్నాడు.

ఎదుటి బట్టలంగడి అశ్వత్థనారాయణ తీయని పలకలు చూశాడు. శ్రీరంగయ్య శెట్టిగారు పోయారనుకుని తన అంగడీ మూశాడు. బజారులో పెద్దవాళ్ళు పోతే పీనుగ దాటేవరకు ఎవరూ తెరవకూడదు, అది మర్యాద. అతన్ని చూసి పక్కవాడు, పక్కవాణ్ణి చూసి ఆ పక్కవాడు. ఎనిమిదింటికి బజారంతా మూతపడింది.

అప్పుడే జ్ఞానాంబకు ఆయాసం ఎత్తింది. మూసిన గదిలో కుంపటి పొగకు అది రెండింతలైంది. శ్రీరంగయ్య మంకీ టోపీతో, కంబళితో పరుగెత్తాడు. మందులంగడికి తాళం. దాని ముందు నాగేశ్వరయ్య పూలదండ పట్టుకుని నిలబడ్డాడు.

"నాగేశ్వరప్పా, ఆయాసం మాత్రలు రెండంటే రెండు ఇయ్యప్పా!"

"ఈ పొద్దు తెరిచేది లేదు సామీ. శ్రీరంగయ్య శెట్టిగారు పోయినారు."

"ఎవురు చెప్పినారు?"

"చెప్పేదేముంది? బజారే మూసినారు కదా!"

శ్రీరంగయ్య టోపీ పీకేశాడు. "నేనేనప్పా శ్రీరంగయ్యను! ఆడ జ్ఞానాంబ ఊపిరాడక కొట్టుకుంటా ఉంది!"

జనం మూగారు. అశ్వత్థనారాయణ ఆయనను కిందనుంచి పైదాకా చూశాడు. "బతికే ఉండారా? సంతోషం. అయినా పీనుగ దాటకుండా తెరిస్తే బజారుకు అరిష్టం కదప్పా."

"పీనుగను యాడనుంచి తెచ్చేదప్పా నేను!" శ్రీరంగయ్య నడివీధిలో ఏడ్చేశాడు. "నన్నే మోసుకుని పోండి. పోతా పోతా ఆయమ్మకు మాత్రలియ్యండి!"

తర్జనభర్జన పడ్డారు. ఒక్కో మాటకూ అక్కడ జ్ఞానాంబకు ఒక్కో ఊపిరి తగ్గుతోంది. చివరికి తీర్పు వచ్చింది: ఎవరి అంగడి తెరవక ఇదంతా మొదలైందో, ఆ శ్రీరంగయ్యే తలకు నీళ్ళు పోసుకుని మొదట తెరిస్తే దోషం లేదు.

శ్రీరంగయ్య కంబళి విసిరేసి, ఆ మంచులోనే రెండు బిందెల చన్నీళ్ళు నెత్తిన కుమ్మరించుకుని, వణుకుతూ పలకలు తీశాడు. వెంటనే నాగేశ్వరయ్య తాళం తీశాడు. మాత్ర అందింది. మధ్యాహ్నానికి జ్ఞానాంబ లేచి కూర్చుంది. సాయంత్రానికి శ్రీరంగయ్య నూట మూడు జ్వరంతో పడుకున్నాడు.

మరునాడూ శ్రీరంగయ్య అంగడి తెరవలేదు. ఆయన పోయినారని తలుపు దగ్గర నిలబడి జ్ఞానాంబ ఎంత పిలిచినా, ఈసారి బజారులో ఒక్కరూ నమ్మలేదు.

ఈ కథ గుర్తుంచుకుని మీ ఇంటి పెద్దవాళ్ళకు చెప్పండమ్మా, మందు కొనిపెట్టిన తరువాతే సుమా.