ఐక్యతా బస్సు

జూన్ ఎన్నికను రద్దు చేసినందువల్ల జాతీయ ఐక్యత మరింత బలపడిందని సైనిక ప్రభుత్వం రేడియోలో ప్రకటించింది. ఆ ఎన్నికలో ఉత్తరాది, దక్షిణాది అన్న తేడా లేకుండా జనం ఒకే మనిషికి ఓట్లు గుద్దేశారు. చెప్పాపెట్టకుండా ఇలా కలిసిపోతే దేశం ఏమైపోతుందోనని జనరళ్లు సమయానికి అడ్డుపడ్డారు.

ఇక ఆ బలం కంటికి కనపడాలి. అన్ని జాతుల నుంచీ నలభై మంది పౌరుల్ని ఏరి, లేగోస్ నుంచి రాజధాని అబుజాలోని కల్నల్ దగ్గరికి బస్సులో తెమ్మని సమాచారాధికారి ఇదహోసాకు ఉత్తర్వు వచ్చింది. ఒక్క తల తగ్గినా పద్దెనిమిదేళ్ల ఉద్యోగం ఊడుతుందని అందులోనే మర్యాదగా రాశారు.

సరిగ్గా ఆ వారమే యుద్ధం వస్తోందని పుకారు లేచింది. లేగోస్‌లో ఉన్న బయటి ఊళ్లవాళ్లంతా మంచాలూ మూటలూ నెత్తికెత్తుకుని సొంతూళ్ల దారి పట్టారు. లారీలు చాలడం లేదు. ఇదహోసా తిన్నగా లారీలూ బస్సులూ ఆగే మోటార్ పార్కుకే వెళ్లి మైకు పట్టుకున్నాడు.

"ఐక్యత మీద నమ్మకం ఉన్నవాళ్లు ఎక్కండి."

ఎవరూ కదల్లేదు.

"బెనిన్, ఒనిచా, ఎనుగు మీదుగా పోతుంది," అన్నాడు డ్రైవర్ లసిసి, ఆవులిస్తూ.

నమ్మకం కిటికీల్లోంచి కూడా ఎక్కింది. పది నిమిషాల్లో నలభై సీట్లూ నిండిపోయాయి.

ఎండుచేపలమ్మే ఒబియాగెలి ముందు సీట్లో బుట్టతో సహా కూలబడింది. "ఓగా సారూ, ఈ ఐక్యత ఎనుగులో ఎంతసేపు ఆగుతుంది?"

"ఆగదమ్మా. అబుజాలో కల్నల్ గారు ఎదురుచూస్తుంటారు."

"ఆయనకు నలుగురు పెళ్లాలున్నారు, ఎదురు చూడ్డం అలవాటే. నాకు మాత్రం ఎనుగులో ఒంటేలు వస్తుంది. ఇప్పుడే చెబుతున్నా."

ఆమె పక్కన ఉల్లిపాయల వ్యాపారి మాలం దన్లాది కూర్చున్నాడు. ఉత్తరాది కానో మనిషి. సంతలో ఇద్దరివీ పదిహేనేళ్లుగా పక్కపక్క కొట్లు.

"నువ్వెందుకు పారిపోతున్నావు మాలం?" అంది ఆమె.

"నువ్వు మూటలు కట్టడం చూశాను. మీవాళ్లకేదో తెలిసే ఉంటుందనుకున్నా."

"నువ్వు నీ పెళ్లాన్ని మొన్న లారీ ఎక్కించావనేగా నేను కట్టింది."

దన్లాది జేబులోంచి కోలా గింజ తీసి విరిచి, పెద్దముక్క ఆమెకిచ్చాడు. ఇదహోసా గబగబా ఫోటో తీశాడు.

బెనిన్‌లో ఏడుగురు మంచినీళ్లకని దిగారు. ఒనిచాలో పదిహేనుమంది ప్రార్థనకని దిగారు. ఎనుగులో ఒబియాగెలి చెప్పిన పనికే దిగింది, బుట్టతో సహా. ఆమె వెనకే పదమూడుమందికి అదే అవసరం వచ్చింది. మకుర్దిలో ముగ్గురు కారణం చెప్పే శ్రమ కూడా పడలేదు. అబుజా పొలిమేరలో కానో లారీ కనపడగానే దన్లాది చేతులూపుతూ పరుగెత్తాడు.

కల్నల్ బంగళా ముందు ఖాళీ బస్సు ఆగింది. ఇదహోసా దిగి నమస్కారం పెట్టాడు.

"నలభై మందేరీ?" అన్నాడు కల్నల్.

"దేశమంతటా వ్యాపించారు సార్."

కల్నల్ బస్సు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. టైరును బూటుతో తన్ని చూశాడు.

"బ్రేకులు బాగున్నాయా?"

"బాగున్నాయి సార్."

"డీజిలుందా?"

"టాంకు నిండా కొట్టించా," అన్నాడు లసిసి.

కల్నల్ కాగితం తీసి బానెట్ మీద పెట్టి రాశాడు: 'నలభై మంది క్షేమంగా అందారు. అందరూ ఒక్కమాట మీద ఉన్నారు.' సంతకం పెట్టి, ముద్ర గుద్ది ఇచ్చాడు. ఇదహోసా ఉద్యోగం నిలబడింది.

తర్వాత కల్నల్ లోపలికి తిరిగి కేకేశాడు. నలుగురు భార్యలు, పదకొండుమంది పిల్లలు, అత్తగారు, మంచాలు, బీరువాలు, సోఫాలు, రెండు ఫ్రిజ్‌లు, మూడు మేకలు వరసగా బయటికొచ్చాయి.

"ఎక్కడికి సార్?" అన్నాడు లసిసి.

"మా ఊరికి. గాలి మార్పుకి."

కల్నల్ మాత్రం బస్సెక్కలేదు. ఇలాంటి సమయంలో దేశాన్ని వదిలి ఎలా వెళతాడు? పైగా రెండో ఫ్రిజ్ ఎక్కించాక చోటు లేకపోయింది.