తిరుపతిరావుగారి త్యాగమయ మోకాలు

భారత స్వాతంత్ర్య చరిత్రను గ్రంథాలయాల్లో వెతికేవారు వట్టి అమాయకులు. అది మా జగ్గయ్యపేట తిరుపతిరావుగారి ఎడమ మోకాలి పక్కన, ఉసిరికాయంత పరిమాణంలో భద్రంగా ఉంది!

1958లో రాజకీయ బాధితులకు బంజరు పంచడానికి విచారణ సంఘం వేశారు. నేను దాని గుమాస్తాని. పెనుగంచిప్రోలు దగ్గర మిగిలింది ఐదెకరాలు, వచ్చిన అర్జీలు రెండు. ఒకటి వందెకరాల ఆసామి తిరుపతిరావుగారిది. రెండోది సొలొమోనుది. నలభైరెండు ఉద్యమంలో లాఠీ దెబ్బ తగిలి అతని మోకాలు వంగడం మానేసింది. కర్ర లేందే నడవలేడు, కూలికి పిలిచేవాళ్ళు లేరు. ఇక ఆ ఐదెకరాలే అతని ఆశ.

అధ్యక్షులు వరప్రసాదరావుగారు. అప్పట్లో పోలీసు సబిన్‌స్పెక్టరు, ఇప్పుడు నిలువెల్లా ఖద్దరు!

తిరుపతిరావుగారు పంచె ఎత్తి కాయ చూపించారు.

"లాఠీ దెబ్బండి! పదహారేళ్ళుగా మోస్తున్నా."

"అయ్యయ్యో, కూర్చోండి!" అన్నారు అధ్యక్షులు.

"పెద్దల ఎదుట కూర్చోనండి."

ఆ వినయానికి అధ్యక్షులవారి కళ్ళు చెమర్చాయి. పరీక్షించడానికి నందిగామ నుంచి వచ్చిన డాక్టరు కృపారావుగారి కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి.

"కూర్చుంటే మోకాలు వంగి కాయ లోపలికి పోతుందండి, అందుకే నుంచున్నారు. కీలులో మెత్తటి ఎముక చిరిగి, జిగురు నీరు ఊరి కట్టిన తిత్తి ఇది. పోయినేడు క్లబ్బులో మీతో బాడ్మింటన్ ఆడుతూనేగా ఈయన కాలు మెలిపడింది?" అన్నారు అధ్యక్షులతో.

అధ్యక్షులవారు బల్ల గుద్దారు. "బాడ్మింటనా! తపాలాఫీసు ముందు జెండా ఎత్తినందుకు ఆ ఆగస్టులో ఈయన్ని కొట్టింది నేనే! కొట్టినవాడి మాటకన్నా మీ వైద్యం ఎక్కువా?"

మూలన ఉన్న సొలొమోను ముఖం వెలిగింది.

"ఆ రోజు జెండా పట్టుకుంది నేనొక్కణ్ణేనండి. తమరు కొట్టింది నన్నేనండి అయ్యగారూ!"

"నిన్నా? ఆ రోజు నేను ఊళ్ళోనే లేను! సెలవు పెట్టి అత్తగారింటికి వెళ్ళా!"

ఎవరూ నవ్వలేదు. నాకు సిగ్గేసింది. అయినా కలం ఆపలేదు. తిరుపతిరావుగారి ఫైల్లో "స్వయముగా కొట్టితిని, భూమి ఇవ్వవచ్చును" అని రాశా. సొలొమోను ఫైల్లో "ఆ దినమున నేను ఊరిలో లేను, అర్జీ త్రోసివేయడమైనది" అని రాశా. అధ్యక్షులవారు రెండింటికీ సంతకం చేశారు.

"సొలొమోనుకి చదివి వినిపించవయ్యా, న్యాయం జరిగిందని అతనికీ తెలియాలి!" అన్నారు.

వినిపించా.