వధువు కోతి నుంచి పుట్టలేదని తీర్మానం

వధువు తాను కోతి నుంచి పుట్టలేదని సంఘం ఎదుట నిలబడి చెబితే తప్ప పెళ్ళి జరిపించేది లేదని మా చర్చి వివాహ యోగ్యతా ఉపసంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. వరుడి నుంచి అలాంటి హామీ ఏదీ కోరలేదు. అతను సంఘపెద్దగారి అబ్బాయి. ఎవరి నుంచి పుట్టాడో ఊరందరికీ తెలుసు.

తొందరపడి ఉపసంఘాన్ని తప్పు పట్టకండి. వారి భయం ఊరికే పుట్టింది కాదు. వధువు జంతుప్రదర్శనశాలలో డాక్టరు. పొద్దున లేస్తే చింపాంజీల నోళ్ళలో చేతులు పెట్టే మనిషి. సాయంత్రం అవే చేతులు జోడించి ప్రార్థన చేసుకునేది. చేతులు కడుక్కుంటే రెండు పనులకూ సరిపోతాయని ఆమె అనుకుంది. ఉపసంఘం అలా అనుకోలేదు.

వరుడు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. అందరూ కీబోర్డబ్బాయి అనే పిలుస్తారు. సండే స్కూలు పిల్లల్ని జంతువుల్ని చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు ఒక కోతి అతని కళ్ళజోడు లాక్కుని చెట్టెక్కింది. డాక్టరమ్మ వచ్చి, కోతికి అరటిపండు ఆశ చూపించి, కళ్ళజోడు రాబట్టి, మందునీళ్ళతో కడిగి ఇచ్చింది. పెట్టుకోగానే అతనికి మొదట కనిపించిన మనిషి ఆమె. ఈ సంబంధం దేవుడు కుదిర్చాడని వరుడి తల్లి అంది. కోతి కుదిర్చిందని వరుడి మేనత్త అంది.

పెళ్ళి చేసుకోబోయేవారికి పాస్టరుగారు ముందుగా తరగతులు పెడతారు. భర్తకు లోబడటం ఎలా, అత్తగారికి లోబడటం ఎలా, భర్త లేనప్పుడు ఆడపడుచుకు లోబడటం ఎలా అనే పాఠాలు సజావుగా నడిచాయి. తర్వాత పాస్టరుగారు మనిషి ఎలా వచ్చాడని అడిగారు.

"దేవుడు మట్టితో చేశాడండీ" అన్నాడు కీబోర్డబ్బాయి.

"దేవుడే చేశాడండీ" అంది డాక్టరమ్మ. "కాకపోతే ఒక్క రోజులో చేసినట్టు లేదు. నెమ్మదిగా, చాలా కాలం పట్టి చేశాడు. ఆయనకేం తొందర?"

పాస్టరుగారు కళ్ళు మూసుకుని ఆమె ఆత్మ కోసం అక్కడికక్కడే ప్రార్థించారు. కళ్ళు తెరిచాక నేరుగా సంఘపెద్దగారి ఇనప బీరువాల షోరూముకి వెళ్ళి జరిగింది చెప్పారు. సంఘపెద్దగారు ఆ సాయంత్రమే షోరూములో ఉపసంఘాన్ని సమావేశపరిచి ప్రసంగించారు.

"సహోదరులారా! మనమంతా ఒకే తండ్రి బిడ్డలం. ఒకే మట్టిముద్ద! మనలో గొప్ప లేదు, తక్కువ లేదు, మనవాడు లేడు, పరాయివాడు లేడు. ఇంత గొప్ప సత్యాన్ని ఒప్పుకోని పిల్లని నా గుమ్మం ఎలా తొక్కనిస్తాను?"

అందరూ ఆమెన్ అన్నారు. షోరూములో పనిచేసేవాళ్ళు కూడా గోడవారన నిలబడే ఆమెన్ అన్నారు. అక్కడ వాళ్ళకి కుర్చీలు వేసే అలవాటు లేదు.

ఇక వధువు తరఫు సంగతి. తండ్రి లేడు. తల్లి ఆస్పత్రిలో ఆయా. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆవిడ మిగిల్చిన మాటలన్నీ వధువు పెదనాన్న వాడుకునేవాడు. ఆయన రిటైరైన సైన్సు మాస్టారు, ఊళ్ళో హేతువాద సమితికి వ్యవస్థాపకుడు, అధ్యక్షుడు, సభ్యుడు. ఉపసంఘం తీర్మానం చెవిన పడగానే ఆయన మండిపోయాడు.

"మూడు తరాలుగా మా ఇంట్లో అందరం కోతి నుంచే వచ్చాం. మా తమ్ముడు పోయేదాకా ఆ మాట మీదే నిలబడ్డాడు. ఇవాళ ఈ పిల్ల ఒక్క పెళ్ళి కోసం మట్టిలోంచి వచ్చానంటే మా వంశం పరువేం కావాలి?"

"పెదనాన్నా, కోతి నుంచి కాదు. కోతికీ మనకీ ఒకే..." అని డాక్టరమ్మ ఏదో సర్దబోయింది.

"నువ్వుండమ్మా. ఇది పెద్దవాళ్ళు మాట్లాడుకునే విషయం" అన్నాడు పెదనాన్న.

అప్పటి నుంచి పెళ్ళిపనులు ఊపందుకున్నాయి. కేకు మీద ఆదిమ దంపతుల బొమ్మలు ఉండాలని సంఘపెద్దగారు పట్టుబట్టారు. బొమ్మలు వచ్చాక, వాటి ఒంటి మీద ఆకులు తప్ప ఏమీ లేవని వరుడి తల్లి గుండె పట్టుకుంది. కేకు చేసేవాడు ఒకరికి కోటు, ఒకరికి పొడుగు గౌను తొడిగి తెచ్చాడు. దానికి జవాబుగా పెదనాన్న హాలు గుమ్మంలో పెట్టడానికి నిలువెత్తు పటం గీయించాడు. అందులో మొదట నాలుగు కాళ్ళ కోతి, తర్వాత వంగిన కోతి, తర్వాత కర్ర పట్టుకున్న మనిషి, చిట్టచివర సూటు వేసుకున్న కీబోర్డబ్బాయి. కాబోయే అల్లుడి మీద గౌరవంతోనే అలా వేయించానని ఆయన చెప్పుకున్నాడు. సంఘపెద్దగారు పటం ముందు చాలాసేపు నిలబడ్డారు. ఆయనకు కోతుల మీద ఫిర్యాదు లేదు. కర్ర పట్టుకున్నవాడి ముక్కు తన ముక్కులా ఎందుకుందని అడిగారు.

హాలు అలంకరించే కాంట్రాక్టరు తల పట్టుకున్నాడు. "ఎవరు ఎవరి నుంచి పుడితే నాకేంటండీ? కుర్చీలు ఎటు తిప్పి వేయాలో చెప్పండి చాలు" అన్నాడు. దీర్ఘ చర్చల తర్వాత కుర్చీల విషయం తేలింది. నడిమి దారికి కుడివైపు సృష్టింపబడినవారు, ఎడమవైపు పరిణామం చెందినవారు కూర్చోవాలి. వీడియో తీసేవాడు ఎటు నిలబడాలని అడిగితే, ముందు నువ్వేమిటో తేల్చుకోమన్నారు. పుట్టబోయే పిల్లలు ఏ వైపు వస్తారనే చిక్కు కూడా వచ్చింది. మొదటి బిడ్డ సృష్టి, రెండో బిడ్డ పరిణామం అని రాజీ కుదిరింది. ఆ బిడ్డల్ని కనవలసిన డాక్టరమ్మ ఆ సమయంలో జిరాఫీకి సూది వేయడానికి నిచ్చెనెక్కి ఉంది. అందుచేత ఆమెను సంప్రదించడం కుదరలేదు.

మిగిలింది సంఘం ఎదుట ఇవ్వవలసిన హామీ. మట్టి అంటే పెదనాన్న పెళ్ళికి రాడు. కోతి అంటే పాస్టరుగారు పెళ్ళి చేయరు. ఈ ముడిని వరుడి మేనత్త విప్పింది.

"పూర్వీకుల నుంచి వచ్చానని చెప్పమనండి. ఎవరికి కావాల్సిన పూర్వీకుణ్ణి వాళ్ళు అనుకుంటారు."

ఆ ఒక్క మాటతో ఇరుపక్షాలూ శాంతించాయి. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఒక ప్రశ్న అడుగుతారు, డాక్టరమ్మ ఒక్క మాటలో జవాబు చెబుతుంది, శనివారం పెళ్ళి. "ఒక్క మాటే కదా, అనేసెయ్యి" అని కీబోర్డబ్బాయి ఆమె చెయ్యి పట్టుకుని బతిమాలాడు. "సరే, అంటాను" అంది. నిజంగానే అనాలనుకుంది. అతనంటే ఆమెకు ఇష్టం.

ఆ ఆదివారం చర్చి కిక్కిరిసింది. పెళ్ళి హాలుకి అనుకున్న లెక్కనే అందరూ రెండు వైపులా సర్దుకు కూర్చున్నారు. ప్రార్థనకు ఎప్పుడూ రానివాళ్ళు కూడా మనిషి పుట్టుక మీద ఆసక్తితో వచ్చారు. కోతికి అన్యాయం జరగకుండా చూసుకోవడానికి పెదనాన్న జీవితంలో మొదటిసారి చర్చిలో అడుగుపెట్టి, వెనక బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ముందు వరసలో డాక్టరమ్మ తల్లి కూతురు కొనిపెట్టిన కొత్త బట్టలు కట్టుకుని, ఫినాయిలుకి బిరుసెక్కిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, కూతుర్నే చూస్తోంది.

"అమ్మా, నువ్వు ఎవరి నుంచి వచ్చావో సంఘానికి చెప్పు" అన్నారు పాస్టరుగారు మైకులో.

డాక్టరమ్మ నోరు తెరిచింది. తల్లి వైపు చూసింది.

"తెలియదండీ" అంది.

పాస్టరుగారు నవ్వి, పిల్లలకు అందించినట్టు అందించారు. "పూ... పూర్వీ..."

"నిజంగా తెలియదండీ. పుట్టిన రోజునే నన్ను ఆస్పత్రి వరండాలో బెంచీ కింద వదిలేసి వెళ్ళారట. ఆ రోజు మా అమ్మ డ్యూటీలో ఉంది. నా కోసం ఎవరూ రాకపోతే ఇంటికి తెచ్చుకుని పెంచుకుంది. పూర్వీకులు అనడానికి నాకు నోరు రావట్లేదు. నేను మా అమ్మ నుంచే వచ్చాను. అంతకుముందు సంగతి నాకు తెలియదు."

వెనక బెంచీ నుంచి పెదనాన్న గొంతు వచ్చింది.

"అయ్యో, ఆ మాట ఇక్కడెందుకే! పెళ్ళయ్యేదాకా ఆగలేకపోయావా?"

వధువు తరఫువారికి ముందే తెలుసన్న సంగతి అలా రుజువైంది.

మొదట తేరుకున్నది వరుడి మేనత్త. "దీనికన్నా కోతే నయం. కనీసం ఏ జాతి కోతో తెలిసేది" అంది.

సంఘపెద్దగారు లేచి నిలబడ్డారు. అంతకుముందు ఆదివారమే అదే చోట నిలబడి ఒకే తండ్రి, ఒకే మట్టిముద్ద అని ఆయన మరోసారి చెప్పిన మాటలకు కళ్ళు తుడుచుకున్న ఆడవాళ్ళు ఇప్పుడు కూడా కళ్ళు తుడుచుకోవడానికి సిద్ధమయ్యారు. ఆయన సంఘం వైపు చూడలేదు. కొడుకు వైపు చూశారు.

"ఎవరి రక్తమో తెలియని పిల్లరా ఇది! నీకు తెలుసా ఈ సంగతి?"

"ఇతనికి పరిచయమైన మొదటి వారమే చెప్పానండీ" అంది డాక్టరమ్మ.

కీబోర్డబ్బాయి కీబోర్డు మీట్ల వైపు చూశాడు. వాటిలో ఏదో ఒకటి తన తరఫున మోగుతుందేమోనని ఆశపడినట్టు చాలాసేపు చూశాడు.

"ఏదో అంది గానీ... ఇంత వివరంగా తెలియదు నాన్నా" అన్నాడు.

గ్రంథంలో శిష్యుడు గురువెవరో తెలియదన్నప్పుడు కూసినట్టు ఆ సమయంలో కోడి కూయలేదు. ఆ వీధిలో ఎవరూ కోళ్ళు పెంచడం లేదు.

డాక్టరమ్మ అతని వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఇచ్చిన మందు పనిచేస్తుందేమోనని కాసేపు ఆగి చూసి, ఇక లాభం లేదని తేలాక డాక్టర్లు చూసే చూపు అది. నిశ్చితార్థపు ఉంగరం తీసి కీబోర్డు మీద పెట్టింది. ఏదో మీట నొక్కుకుని సన్నగా మోగింది. తర్వాత సంఘపెద్దగారి వైపు తిరిగింది.

"అయితే ఆదాము సంబంధం కూడా మీరు ఒప్పుకునేవాళ్ళు కాదన్నమాట. ఆయనకీ అమ్మానాన్నా ఎవరో తెలియదు కదండీ."

"అది దేవుడి పని!" అని గర్జించారు సంఘపెద్దగారు. "ఇది ఎవడి పనో!"

ఆ జవాబులోని వేదాంతానికి ఇద్దరు ముగ్గురు ఆమెన్ అన్నారు. పాస్టరుగారు మైకు ఆపేశారు. అప్పుడు ముందు వరసలోంచి డాక్టరమ్మ తల్లి లేచింది. ఇన్నేళ్ళలో ఆ చర్చిలో ఆవిడ గొంతు పాటల్లో తప్ప ఎవరూ వినలేదు.

"బెంచీ కింద పిల్ల ఏడుస్తుంటే ఎవరి పిల్లని అడగడానికి నాకు తీరిక లేకపోయింది పాస్టరుగారూ. ముందు పాలు పట్టాల్సొచ్చింది" అంది. కూతురి చెయ్యి పట్టుకుంది. "పద తల్లీ, ఇంటికెళ్దాం."

నడిమి దారిలో ఇద్దరూ నడిచి వెళ్తుంటే సృష్టింపబడినవారు ఒకవైపూ పరిణామం చెందినవారు ఒకవైపూ ఒకేలా తలలు తిప్పి చూశారు.

బయట మెట్ల మీద ఇంకొక విశేషం జరిగింది. పెదనాన్న సంఘపెద్దగారిని ఆపి, "మీ బాధ నాకు అర్థమైందండీ. నేను దేవుణ్ణి నమ్మను. కానీ వంశపారంపర్యం అనేది ఒకటుందని సైన్సు కూడా చెబుతోంది. మా తమ్ముడికి అప్పుడే చెప్పాను, ఎవరి పిల్లో ఏమో, వద్దురా అని" అన్నాడు. సంఘపెద్దగారు ఆయన రెండు చేతులూ పట్టుకుని, దేవుణ్ణి నమ్మకపోయినా మీలాంటి వివేకం ఉన్నవాళ్ళు అరుదన్నారు. మట్టికీ కోతికీ మధ్య అన్ని వారాలుగా తెగని తగాదా ఆ మెట్ల మీద తెగిపోయింది. శనివారానికి తీసుకున్న హాలు ఊరికే పోనివ్వడమెందుకని అందులో మానవ సౌభ్రాతృత్వం మీద సభ పెట్టారు. ఇద్దరూ ఒకే వేదిక మీద కూర్చుని, మనుషులంతా ఒక్కటేనని ఒకరు గ్రంథం నుంచి, ఇంకొకరు సైన్సు నుంచి నిరూపించారు. కేకు అందరికీ సరిపోయింది.

కీబోర్డబ్బాయికి త్వరలోనే వేరే సంబంధం కుదిరింది. ఆ పిల్ల వంశమంతా ముత్తాత దాకా పేర్లు, ఉద్యోగాలు, ఒంటిరంగులతో సహా తెలుసు. మనిషి ఎలా వచ్చాడని పాస్టరుగారు ఆ పిల్లను అడగనే లేదు.

డాక్టరమ్మ ఏడవలేదని మీకు అబద్ధం చెప్పను. సోమవారం పొద్దున మందుల గదిలో తలుపేసుకుని ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని, పన్ను వాచిన ముసలి చింపాంజీ దగ్గరికి వెళ్ళింది. ఇప్పుడు తల్లీకూతుళ్ళు వేరే వీధిలోని చిన్న చర్చికి వెళ్తున్నారు. అక్కడి పాస్టరుగారికి చెవుడు. ఎవరినీ ఏమీ అడగరు.

ఈ సంగతి నేను చాలామంది పెద్దమనుషులకు చెప్పాను. అందరూ మండిపడ్డారు. ఈ కాలంలో కూడా ఇదేం మూర్ఖత్వమన్నారు. ఆ తల్లి మాటకు చలించిపోయారు. అలాంటి పిల్ల కోడలిగా దొరకడం అదృష్టమన్నారు. అయితే మీ అబ్బాయికి అడగమంటారా అన్నాను. ఒకాయనకు ఫోను మోగింది. ఒకావిడకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. ఇంకొకాయన, మాకేం అభ్యంతరం లేదుగానీ ఇంట్లో పెద్దవాళ్ళున్నారు అన్నాడు. ఆయన వయసు డెబ్బై.

ఇంతదాకా చదివి సంఘపెద్దగారిని మనసులో తిట్టుకున్నారంటే మీరు అలాంటివారు కాదని తెలుస్తూనే ఉంది.

ఇంతకీ, మీ అబ్బాయి ఏం చేస్తుంటాడు?